మా వరండా నుండి గలిలయ వరకు

మా వరండా గోడకు ఒక పటము ఉన్నది. దుకాణములో కొన్నది కాదు. పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితములు ఆరు తెచ్చి, మైదాపిండి జిగురుతో ఒకదానికొకటి అతికించి, రంగు పెన్సిళ్లతో మేమే గీసుకొన్నది. ఎడమ ప్రక్క మధ్యధరా సముద్రము, పైన గలిలయ సముద్రము, క్రింద ఉప్పు సముద్రము, ఆ రెంటినీ కలుపుతూ యొర్దాను నది. నది గీసినవాడు మా చిన్నవాడు గనుక అది పాములాగా మెలికలు తిరిగింది. నిజముగా కూడా యొర్దాను అలాగే మెలికలు తిరుగుతుందని తరువాత తెలిసి, వాణ్ణి కోప్పడడం మానుకొన్నాము. పటమునకు ఎదురుగా నవారు మంచము. ఆ మంచము మీద మా మామ్మ.

ప్రియ పాఠకులారా, ఇది ఒక యాత్ర సంగతి. అయితే మా ఇంట్లో ఎవరికీ పాస్‌పోర్టు లేదు. 2024 జనవరి మొదలుకొని సంవత్సరము పైగా, రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత అరగంట చొప్పున, ఈ వరండాలో కూర్చొనే మేము పరిశుద్ధ దేశమును చూచి వచ్చాము. ఎందుకు అలా చూడవలసి వచ్చినదో ముందు చెప్పాలి. అది మాకు గొప్పగా చెప్పుకొనే సంగతి కాదు.

మా ఊరు కొల్లేటి అంచున ఉన్నది. మామ్మ పుట్టినది కొల్లేటి లోపలి ఒక లంకలో. ఆమె తండ్రి దోనె మీద వేటకు పోయేవాడు. ఆమె పెండ్లి చేసుకొని మెరకకు వచ్చినా వల అల్లే పని చేతిని విడువలేదు. చదివినది రెండవ తరగతి. అయినా సువార్తలలో పడవలు, వలలు వచ్చే అధ్యాయములు ఆమెకు చూడకుండా వచ్చు. ఆమెకు ఉన్న కోరిక ఒకటే, గలిలయ సముద్రపు నీళ్లలో ఒకసారి కాళ్లు పెట్టాలని. దానికోసము వలలు అల్లి, కోడిగుడ్లు అమ్మి, క్రిస్మసుకు చీరకని ఇచ్చిన డబ్బులు చీర కొనకుండా దాచి, పోస్టాఫీసులో వేసుకొన్నది. 2016 నాటికి అది 64,000 రూపాయలు అయింది.

ఆ సంవత్సరమే మా పెద్దమ్మాయికి నర్సింగులో సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి మూడు రోజులే గడువు. మామ్మ తనంతట తాను ఇచ్చిందని చెప్పుకోవాలని ఉంది గాని, అడిగినది మేమే. రెండేళ్లలో మళ్లీ వేసేస్తామని మాట ఇచ్చాము. ఆమె పాస్ బుక్కు తెచ్చి చేతిలో పెట్టింది.

తరువాత చెరువు పంట రెండుసార్లు పోయింది. 2020 ఫిబ్రవరిలో ప్రక్క ఊరి సంఘమువారు యెరూషలేము వెళ్లి వస్తే, మామ్మ కర్ర అవసరము లేకుండానే వాళ్లింటి వరకు నడిచి వెళ్లి అన్నీ అడిగి వచ్చింది. ఆ వెంటనే కరోనా. 2022లో నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది, వాకిలి వరకు రాగలదు. విమానములో గంటల తరబడి కూర్చోవడం మాత్రము కుదరదని డాక్టరుగారు చెప్పారు. 2023 అక్టోబరు 7న అక్కడ దాడి జరిగి యుద్ధము మొదలైంది. ఇన్ని కారణములు చెప్పగలము. కాని 2016కూ 2020కీ మధ్య నాలుగు సంవత్సరములు ఉన్నవి. అప్పుడు రోగము లేదు, యుద్ధము లేదు, ఆమె కాళ్లు బాగున్నవి. ఆ నాలుగు సంవత్సరములకు మా దగ్గర సంజాయిషీ లేదు. మామ్మ ఒక్కనాడూ అడుగలేదు. అడిగితే బాగుండునని మాకు అనిపించేది.

2023 క్రిస్మసు ఆరాధనలో పాస్టరుగారు ఒక మాట చెప్పారు. ఆ ఏడు బేత్లెహేములో సంఘములు పండుగ సంబరములు మానుకొన్నవనీ, అక్కడి లూథరన్ దేవాలయములో శిశువు బొమ్మను పశువుల తొట్టిలో గాక కూలిన ఇంటి రాళ్ల నడుమ ఉంచారనీ చెప్పారు. ఇంటికి వచ్చాక మామ్మ అడిగింది, “బేత్లెహేములో ఇప్పుడు కూడా మనుషులు ఉంటున్నారా? మన వాళ్లేనా?” డెబ్భై ఏళ్లకు పైగా ఆ ఊరి పేరు పాడుకొన్న మనిషికి, మాకు కూడా, ఆ ప్రశ్న అంతవరకు తోచలేదు. సెలవు మీద వచ్చిన మా పెద్దమ్మాయి, ఇప్పుడు హైదరాబాదులో నర్సుగా పని చేస్తున్నది, ఫోను తీసి “ఉండు మామ్మా, చూపిస్తాను” అన్నది. అలా మొదలైంది.

ఇల్లు కదలకుండా లోకము చూచుట మన ఇండ్లకు క్రొత్త కాదు. మీలో పెద్దవాళ్లకు జ్ఞాపకము ఉండే ఉంటుంది: సాయంకాలము రేడియో ముల్లు అటూ ఇటూ త్రిప్పుతుంటే, గరగర శబ్దము లోనుండి ఫెబా రేడియో వినబడేది. హిందూ మహాసముద్రములోని సీషెల్స్ దీవుల నుండి 1970 మొదలుకొని 2003 వరకు వారు ప్రసారము చేశారు. ఆ దీవులు ఎక్కడ ఉన్నవో చూడాలని స్కూలు అట్లాసు ముందు వేసుకొని, ఆఫ్రికా ప్రక్కన ఆవగింజలంత చుక్కలు దొరికినప్పుడు మేము పొందిన సంతోషము ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థము కాదు. తపాలా బిళ్లలు దాచుకోవడం, బైబిలు వెనుక పేజీలలోని పౌలు ప్రయాణపు గీతల మీద వేలు పెట్టి పోవడం, ఇవన్నీ ఆ కోవలోనివే.

విలియం కేరీ కూడా అలా వెళ్లినవాడే. ఇంగ్లండులో ఒక పల్లెలో చెప్పులు కుట్టుకొనే రోజులలో కెప్టెన్ కుక్ ఓడ ప్రయాణముల పుస్తకము చదివి, కాగితములు అతికించి పెద్ద పటము గీసి గోడకు పెట్టుకొన్నాడు. ఒక్కొక్క దేశము దగ్గర అక్కడి జనమెంత, వారి మతమేది అని, చదివినప్పుడల్లా వ్రాసుకొనేవాడు. 1793లో బెంగాలుకు ఓడ ఎక్కాడు. ఆయన శ్రీరాంపూరు ముద్రణాలయము నుండే 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయి వచ్చింది. మా ఖాకీ పటమునకు ఆలోచన అక్కడిదే. మేము ఓడ ఎక్కలేదు, అంతే తేడా.

ఫోనులో భూగోళము చూపే గూగుల్ ఎర్త్ వంటివి ఉచితముగానే దొరుకుతాయి. వీధులలో నిలబడి చుట్టూ చూచినట్టు చూపే చిత్రములు కూడా కొన్ని ఊళ్లకు ఉన్నవి. యెరూషలేము వీధులవి 2012లోనే వచ్చాయి. మా చిన్నవాడు మొదటి రాత్రి వేలితో ఒక్క విసురు విసిరి యెరూషలేము నుండి గలిలయకు రెప్పపాటులో తీసికొనిపోయాడు. మామ్మకు కళ్లు తిరిగాయి. “గద్దలాగా తిప్పకురా. ప్రభువు నడిచాడు. మనమూ నడుద్దాం” అన్నది.

ఆ మాట మా యాత్రనంతా మార్చివేసింది. రోజుకు మనిషి నడవగలిగినంతే, ఇరవై కిలోమీటర్లకు మించకుండా పోవాలని నిర్ణయించుకొన్నాము. నజరేతు నుండి బేత్లెహేముకు దారిని బట్టి సుమారు 150 కిలోమీటర్లు నడక. విజయవాడ నుండి రాజమండ్రి ఎంతో అంత. మాకు ఎనిమిది రాత్రులు పట్టింది. రోజూ ఎక్కడ ఆగామో అక్కడ పటము మీద కందిగింజ అంటించేవాళ్లము. అయిదవ రాత్రి కొండలు ఎక్కుతుండగా మామ్మ లెక్క ఆపి, “నిండు చూలాలు. ఎక్కడ పడుకొన్నదో, ఎవరు నీళ్లు ఇచ్చారో” అన్నది. లూకా సువార్తలో ఆ ప్రయాణము ఒకటి రెండు వాక్యములలో అయిపోతుంది. చిన్నప్పటి నుండి మేము కూడా అంత వేగముగానే చదివి దాటిపోయాము.

గలిలయ సముద్రము దగ్గర మాత్రము మూడు వారములు ఉండిపోయాము. మామ్మ కదలనివ్వలేదు. మొదట చూడగానే ఆమె అన్నది, “ఇంతేనా? దీన్ని సముద్రమంటారా?” నిజమే. అది ఉప్పు సముద్రము కాదు, మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువైన చోట 13. విస్తీర్ణము 166 చదరపు కిలోమీటర్లు. 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించిన కొల్లేటి భాగమే 308 చదరపు కిలోమీటర్లు. మా కొల్లేరే పెద్దదని పిల్లలు చప్పట్లు కొట్టారు.

కాని తరువాతి రాత్రి లోతు సంగతి తెలిసింది. కొల్లేటిలో చాలా చోట్ల మనిషి నిలబడితే నీళ్లు నడుమును దాటవు. గడ వేసి దోనె నడుపుతారు. గలిలయ సముద్రము నడిమధ్య నలభై మీటర్లు దాటి లోతున్నది. రెండు కొబ్బరిచెట్లు ఒకదానిపై ఒకటి నిలబెట్టినా దరిదాపు మునిగిపోతాయి. మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, లోతుకు పోనిచ్చి వలలు వేయమని ప్రభువు పేతురుతో చెప్పిన సంగతి తీసింది. “మా నాన్న వేట అంతా గడ అందే నీళ్లలోనే. లోతు అంటే ఏమిటో నాకు ఇన్నాళ్లూ తెలియదు. గడ అందని చోటికి వెళ్లమన్నాడన్నమాట” అన్నది.

ఆ అధ్యాయమే ఇంకొక రాత్రి కూడా నడిచింది. పేతురు మొదలైనవారు రాత్రంతా వేటాడి, ప్రొద్దున వలలు కడుగుకొంటున్నారని ఉన్నది కదా. వల కడుగుట అంటే ఏమిటో మామ్మ చెప్పింది. నాచు, జిగురు, చిన్న చిన్న గవ్వలు కండ్లలో ఇరుక్కొంటాయి. వాటిని తీసి, కడిగి, ఆరవేయకపోతే ఆ కాలపు నూలు వల కుళ్లిపోతుంది. అది గంటల పని. “కడిగిన వల మళ్లీ నీళ్లలో వెయ్యమంటే మా నాన్నయితే ఊరుకొనేవాడు కాదు. ఆ చేపలు పడినదానికన్నా, పేతురు వల తీసి మళ్లీ పడవలో వేసుకొన్నాడే, అదీ నాకు ఆశ్చర్యం.” ఇన్ని ప్రసంగములు విన్నాము, ఈ సంగతి ఎవరూ చెప్పగా వినలేదు. మా మంచము మీద ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషికి తెలిసినది మేము అడగనేలేదు.

చేపల దగ్గర నవ్వులాట అయింది. అక్కడ యాత్రికులకు పేతురు చేప అని వేయించి పెట్టేది మన చెరువులలో పిలవకపోయినా వచ్చి చేరే తిలాపియా జాతిది. మా చెరువులో అది పడితే విసుగు పడతాము. అక్కడ దానికి అపొస్తలుని పేరు. ఇంకొకటి, ఆ సరస్సులో మన మార్పు చేపకు బంధువైన మీసాల చేప ఉన్నది. పొలుసులు లేవు గనుక లేవీయకాండము ప్రకారము యూదులు దానిని తినరు. వల ఉపమానములో మంచివాటిని బుట్టలలో వేసి చెడ్డవాటిని పారవేసినప్పుడు ఇటువంటివే పారవేసి ఉంటారని పండితులు కొందరు అంటారు. మామ్మ లేచి కూర్చొన్నది. “మార్పులు పారేశారా! ఎంత పులుసు వచ్చేది!” ఆ రాత్రి ప్రార్థన కాస్త ఆలస్యముగా ముగిసింది.

ఆ సరస్సు సముద్ర మట్టమునకు సుమారు 210 మీటర్లు క్రింద ఉన్నది. చుట్టూ కొండలు. పైని చల్లగాలి ఆ గిన్నెలోనికి ఒక్కసారిగా జారితే ఎండ కాస్తున్న నీళ్లు కాసేపటిలోనే అల్లకల్లోలమైపోతాయి. తుఫాను ఎందుకు అంత హఠాత్తుగా వచ్చినదో పటము మీద ఎత్తులు వ్రాసుకొంటే గాని మాకు అర్థము కాలేదు.

1986 జనవరిలో, వానలు లేక ఆ సరస్సు నీళ్లు తగ్గినప్పుడు, జాలరులైన అన్నదమ్ములు ఇద్దరికి బురదలో ఒక పాత పడవ ఆనవాలు కనబడింది. పండ్రెండు రోజులలో జాగ్రత్తగా పైకి తీశారు. గాలి తగిలితే ఎండి పొడి అయిపోతుంది గనుక ఏండ్ల తరబడి మైనము వంటి ద్రవము నింపిన తొట్టిలో నానబెట్టి, ఇప్పుడు గిన్నోసారు అనే చోట ప్రదర్శనశాలలో ఉంచారు. అది ప్రభువు కాలపు పడవ అని శాస్త్రజ్ఞులు తేల్చారు. ప్రభువు ఎక్కిన పడవ అని చెప్పడానికి ఆధారము లేదు, ఎవరైనా అలా చెబితే నమ్మకండి. ఫోనులో దాని చిత్రములు చాలా ఉన్నవి. పొడవు 8.2 మీటర్లు, వెడల్పు 2.3. మా వాకిట్లో సున్నముతో అదే కొలత గీసి, ఇరుగుపొరుగు పిల్లలతో కలిపి పదముగ్గురము అందులో కూర్చొన్నాము. పట్టాము, కాని మోకాళ్లు తగిలినవి. వెనుక భాగములో దిండు పెట్టి ఒక పిల్లవాణ్ణి పడుకోబెడితే తక్కిన పండ్రెండుగురికీ కాలు కదిపే చోటు లేకపోయింది.

మామ్మ మాత్రము చిత్రములో చెక్కలనే చూస్తూ ఉన్నది. పడవలో పండ్రెండు రకముల చెక్క ఉన్నదనీ, పాత పడవల ముక్కలు తెచ్చి అతుకులు వేశారనీ చదివి చెప్పాము. “బీదవాళ్ల పడవ” అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఇంకొక సంగతి మా ప్రాంతము వాళ్లకు చెప్పాలి. గలిలయకు ఉత్తరాన హూలా అనే చిత్తడి సరస్సు ఉండేది. 1950లలో దానిని ఎండగట్టి పొలములు చేశారు. నేల పాడై, తప్పు తెలిసికొని, 1994లో కొంత భాగమునకు మళ్లీ నీళ్లు వదిలారు. ఇప్పుడు వలస కొంగలు, గూడబాతులు లెక్కలేనన్ని అక్కడ దిగుతాయి. మా ఆటపాకలో దిగే గూడబాతులు వేరే జాతి అయినా చూపులకు అవే. 2006లో కొల్లేటి చెరువుల గట్లు కొట్టివేసిన రోజులు గుర్తున్నవాళ్లము, ఆ కథ చదివి ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నాము. ఎవరిది తప్పో ఇక్కడ వ్రాయబోము. మా ఇంట్లోనే రెండు అభిప్రాయములు ఉన్నవి.

యెరూషలేములో మేము అనుకొన్నంత సేపు ఉండలేదు. సిలువ మార్గమని చెప్పే సందులలో రాతి మెట్లు, ఇనుప తలుపులు, మిఠాయి దుకాణములు, సంచులు తగిలించుకొని బడికి పోయే పిల్లలు. ప్రభువు సమాధి అని రెండు చోట్లు చూపుతారు: ఒకటి నాలుగవ శతాబ్దము నుండి దేవాలయము ఉన్న చోటు, రెండవది పందొమ్మిదవ శతాబ్దములో బయటపడిన తోట సమాధి. ఏది నిజమైనదని పిల్లలు వాదించుకొన్నారు. మామ్మ రెంటినీ చూచి, “రెండూ ఖాళీగానే ఉన్నాయిగా” అని, యెరికోకు పోదామన్నది. ఆ దారి సుమారు 25 కిలోమీటర్లు; అంతలోనే వెయ్యి మీటర్లు దిగుడు. చెరువు గట్టు దిగడమే దిగుడని తెలిసిన మాకు, మంచి సమరయుని కథలో దిగి వెళ్లుట అన్న మాట అంతవరకు మామూలు మాటే.

యెషయా గ్రంథపు చుట్ట కూడా చూశాము. 1947లో కుమ్రాను గుహలో గొఱ్ఱెల కాపరులకు దొరికినది. 2011 నుండి యెరూషలేములోని ప్రదర్శనశాలవారు దానిని అందరూ చూచుకొనేటట్టు పెట్టారు. పొడవు 7 మీటర్లకు పైగా ఉన్నది. మా వరండా చాలలేదు, త్రాడు వాకిట్లోకి పోయింది. పదిహేడు తోలు ముక్కలు కలిపి కుట్టిన కుట్టు మీదనే మామ్మ కన్ను నిలిచింది.

బేత్లెహేములో మాత్రము ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. అక్కడ మనుషులు ఉన్నారు. అరబీ భాషలో ఆరాధించే క్రైస్తవ కుటుంబములు ఉన్నవి, ముస్లిములు ఉన్నారు. యెరూషలేము అక్కడికి తొమ్మిది కిలోమీటర్లే గాని మధ్యలో 2002 తరువాత కట్టిన ఎత్తైన కాంక్రీటు గోడ ఉన్నది. యాత్రికుల మీద బ్రతికే ఊరు, యాత్రికులు లేక హోటళ్లూ ఒలీవ చెక్క బొమ్మల దుకాణములూ మూసుకొన్న చిత్రములు చూశాము. ఇవతల ఇశ్రాయేలు ఊళ్లలో బందీలైన తమ వారి కోసము ఎదురుచూచే తల్లులను చూశాము. అవతల గాజాలో పిల్లలను చూశాము. అవి రాత్రులు చూపవచ్చునా అని మేము జంకాము. మామ్మ చూపమన్నది. అంతకు ముందు ఆమె ప్రార్థనలో యెరూషలేము క్షేమము అని ఒక్క మాట ఉండేది. ఆ తరువాత ఊళ్ల పేర్లు వచ్చాయి, రెండు వైపులవీ. ప్రార్థన పొడుగైపోయి పిల్లలు నిద్రపోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు మా పొరుగావిడ వచ్చి, “ఇంకేం మామ్మా, ఫోనులో అంతా చూసేశావుగా, వెళ్లి వచ్చినట్టే” అన్నది. మేము కూడా ఆ మాట కోసమే కాచుకొని ఉన్నాము కాబోలు, తలలు ఊపాము. మామ్మ ఊపలేదు. “పెండ్లి భోజనం ఫొటోలో చూస్తే కడుపు నిండుతుందా అమ్మా?” అన్నది. కోపముగా అనలేదు, ఉన్న మాట అన్నట్టు అన్నది. పొరుగావిడ నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఆ నెల నుండి మా పెద్దమ్మాయి తన జీతములో నుండి మామ్మ ఖాతాలో కొంత కొంత వేస్తున్నది. “ఇప్పుడెందుకే?” అని మామ్మ అన్నది. పాస్ బుక్కు మాత్రము దిండు క్రిందనే ఉంచుకొన్నది.

2025 జనవరిలో, ఉప్పు సముద్రము కూడా చూడడం అయిపోయాక, ఇక ఎక్కడికి వెళ్దామని పిల్లలు అడిగారు. పౌలు దారిలో ఎఫెసు అని మేము, ఈజిప్టు పిరమిడ్లు అని చిన్నవాడు. మామ్మ, “మా లంక చూపించరా” అన్నది.

చిన్నవాడు చూపాడు. పైనుండి చూస్తే కొల్లేరంతా అద్దముల కిటికీలాగా చెరువుల గళ్లు. మామ్మకు ఆనవాలు దొరకలేదు. ఉప్పుటేరు నుండి వెనక్కు రమ్మన్నది, పాత కాలువ పట్టుకోమన్నది, రెండుసార్లు తప్పిపోయి చివరికి ఒక చిన్న మెరక దగ్గర వేలు పెట్టింది. “ఇదే. ఇక్కడ తాళ్లు ఉండేవి. ఇది ప్రార్థన మందిరం.” దగ్గరగా చూడాలని చిన్నవాడు నొక్కితే ఏమీ రాలేదు. గలిలయ ఒడ్డున ఒక్కొక్క రాయికి వంద ఫొటోలు ఉన్నవి. మామ్మ పుట్టిన ఊరికి ఒక్కటీ లేదు.

అక్కడికి ఎంత దూరమని ఆమె అడిగింది. వాడు కొలిచాడు. పద్నాలుగు కిలోమీటర్లు. ఒక్క రోజు నడక కూడా కాదు.

2013లో ఆమె తమ్ముడు పోయినప్పుడు వెళ్లినదే ఆఖరు. ఆ తరువాత ఆమె వెళ్తానన్నప్పుడల్లా, చెరువు పని ఉన్నదనో, దారి బాగాలేదనో మేము అన్నాము. గట్టు మీద రోడ్డు పడి ఎన్నేళ్లయినదో కూడా మాకు తెలియదు.

ఫిబ్రవరిలో ఒక శనివారము ఆటో మాట్లాడాము. వెనుక సీటుకు రెండు దిండ్లు, పైన ఒక ప్లాస్టిక్ కుర్చీ. గంట పట్టింది. తాటాకుల ప్రార్థన మందిరము లేదు, స్లాబు మందిరము ఉన్నది. తాళ్లు నాలుగు మిగిలాయి. మామ్మ ఈడు ఆమె ఒకతె వాకిట్లో చేపలు ఎండబెట్టుకొంటూ, చేతి నీడలో నుండి చాలాసేపు చూచి, ఇంటిపేరుతో పిలిచింది. తరువాత ఇద్దరూ మమ్మల్ని మరచిపోయారు.

మధ్యాహ్నము కుర్చీ రేవు దగ్గర వేశాము. తమ్ముడి కొడుకు గుర్రపుడెక్క ప్రక్కకు నెట్టి నీళ్లు కనబడేటట్టు చేశాడు. మామ్మ కాళ్లు పెట్టింది. “వాసన వస్తున్నది. మా రోజులలో ఈ నీళ్లే త్రాగేవాళ్లం” అన్నది. కాళ్లు మాత్రము తీయలేదు. చిన్నవాడు ఫోను ఎత్తితే, “నన్ను తీయకు. నీళ్లు తియ్యి, ఆ దోనె తియ్యి. నువ్వు చూపించావే, గలిలయలో ఎవరో ఫొటోలు పెట్టారని. అలాగ దీన్ని పెట్టు” అన్నది.

వాడు అక్కడే నిలబడి పెట్టేశాడు. మూడు వారముల తరువాత ఒక రాత్రి, ప్రార్థన అయ్యాక, ఆ ఫొటోను నలభై ఒక్కమంది చూచినట్టు ఫోను చూపింది. వాడు ఆ సంగతి చెప్పి, ఎఫెసు దారి గీయడానికి ఖాకీ కాగితము తెచ్చుకోబోయాడు.

“ఉండరా” అన్నది మామ్మ. “ఎవరు వాళ్లు? ఏ ఊళ్లవాళ్లు?”